తుఫాను వేళ: పైనుంచి ఆదేశమా, ఊళ్లో నిర్ణయమా?

ఒడిశాలోని గంజాం జిల్లా తీరంలో, గోపాల్‌పూర్ చుట్టుపక్కల మన తెలుగు మత్స్యకారుల పేటలు ఖాళీ చేయాలని ఎవరు చెప్పాలి? భువనేశ్వరా, పేట పెద్దా?

పైనుంచి వచ్చే ఆదేశానికున్న బలం 2013లో కనిపించింది. 1999 సూపర్ సైక్లోన్‌లో ఒడిశాలో దాదాపు 10 వేల మంది పోయారు. 2013లో పైలిన్ తుఫాను అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేలోపు సుమారు 10 లక్షల మందిని తరలించారు. మరణాలు పదుల్లోనే ఆగాయి. పడవనీ వలనీ వదిలి రానన్నవాణ్ణి కదిలించడం పేట పెద్ద ఒక్కడివల్ల అయ్యే పని కాదు. బస్సు, షెల్టరు, వండిన అన్నం, అవసరమైతే పోలీసు, అన్నీ ప్రభుత్వం చేతిలోనివే.

కొండల్లో లెక్క వేరు. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినా, ఒడిశాలో ఎక్కువ ప్రాణాలు పోయింది గజపతి జిల్లాలో. బరఘర దగ్గర వానకు తలదాచుకున్నవాళ్లమీదే కొండచరియ విరిగిపడింది. ఏ వాలు జారేదో, ఏ గెడ్డ పొంగేదో ముందు తెలిసేది ఊరివాళ్లకే.

నా మట్టుకు తీరంలో ఆదేశమే మేలు, అక్కడ చర్చకు టైము ఉండదు. కొండ ఊళ్లలో మాత్రం కలెక్టరు ఫోను కోసం చూడకుండా జనాన్ని కదిలించే అధికారం సర్పంచికి ముందే రాసివ్వాలి, ఖర్చు డబ్బుతో సహా.