ఆరేళ్ల ఫీడర్: పిట్టలు వచ్చాయి, వెనకే ఎలుకలూ వచ్చాయి

పెరట్లో పిట్టల కోసం గింజల ఫీడర్ వేలాడదీసి ఆరేళ్లు దాటింది. ఈ ఆరేళ్లలో రెండు ఫీడర్లు, ఒక పళ్లెం, ఒక నీళ్ల గిన్నె, ఎలుకల్ని ఆపడానికి మూడు రకాల సాధనాలు వాడాను. కొనేముందు నేను చదివిన సమీక్షలన్నీ మొదటి వారంలోనో మొదటి నెలలోనో రాసినవే. "పిట్టలు వచ్చాయి, చాలా సంతోషం" అని ఉండేది. రెండో ఏడాది ఏమవుతుందో ఎవరూ రాయలేదు. రెండో ఏడాది ఎలుకలు వస్తాయి. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే ఒక పిచ్చుక పిల్ల నా చేతుల్లో చచ్చిపోయేది కాదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు వస్తువు సంగతి. మొదటిది గొట్టంలా ఉండే ప్లాస్టిక్ ఫీడర్. నాలుగు రంధ్రాలు, ఒక్కో రంధ్రం కింద పిట్ట వాలడానికి చిన్న పుల్ల. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. దాని అసలు లోపం వానాకాలంలో బయటపడింది. అడుగు రంధ్రానికి ఇంకా కింద రెండంగుళాల మేర గింజలు ఎప్పటికీ బయటికి రావు, పిట్ట ముక్కు అక్కడిదాకా అందదు. పైనుంచి కారిన వాన నీళ్లు మాత్రం అక్కడే చేరతాయి. ఒకరోజు గొట్టం వంచి చూస్తే అడుగున గింజలన్నీ నల్లటి ముద్దలా గట్టిపడి పుల్లటి వాసన కొడుతున్నాయి. ఆ ముద్ద మీదే నెల రోజులుగా కొత్త గింజలు పోస్తూ వచ్చాను. తీసి కడుగుదామంటే అడుగు మూత విప్పడానికి వీల్లేకుండా అతికించేశారు. బూజు పట్టిన గింజల్లో, ముఖ్యంగా వేరుశనగల్లో, అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది పిట్టల ప్రాణం తీయగలదు. కాల్చిన మేకుతో అడుగున బెజ్జాలు పెట్టి కొన్నాళ్లు వాడాను గానీ మనసు ఒప్పలేదు.

రెండోదాన్ని దాదాపు ఐదేళ్లుగా వాడుతున్నాను. రంధ్రాల చుట్టూ స్టీలు అంచులు, గొట్టం చుట్టూ ఇనుప తీగల పంజరం ఉన్నాయి. అడుగు భాగం తిప్పితే ఊడి వస్తుంది. తీగల మధ్య సుమారు అంగుళంన్నర సందు. పిచ్చుకలు, మునియాలు సునాయాసంగా దూరతాయి, పావురం దూరలేదు. గొట్టం ఎండకి కాస్త పసుపెక్కింది, పైకప్పు దగ్గర తుప్పు మొదలైంది, అంతకు మించి ఇబ్బంది లేదు. మీరు కొనబోతుంటే రంగూ ఆకారమూ తర్వాత చూసుకోండి. ముందు దాని అడుగు విప్పి చూడండి. విప్పడానికి రాకపోతే వద్దు.

పిట్టల్ని చూడ్డానికి 8×42 బైనాక్యులర్ వాడుతున్నాను. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. తెల్లవారుజాము మసక వెలుతురులో కూడా బాగా కనిపిస్తుంది. ఆదివారం పొద్దున్నే ఒక గంట కూర్చుని లెక్క రాస్తాను. ఈ పద్ధతి బ్రిటన్‌లో ఆర్‌ఎస్‌పీబీ అనే పక్షుల సంరక్షణ సంస్థ 1979 నుంచి చేయిస్తున్న తోట పక్షుల లెక్కింపులోది. ఆ గంటలో వచ్చిన పిట్టలన్నిటినీ కూడకుండా, ఒకేసారి కనిపించినవాటిలో పెద్ద సంఖ్యనే రాసుకోవాలి. లేకపోతే అదే పిచ్చుక పదిసార్లు వస్తే పది పిచ్చుకలని రాసేస్తాం.

బైనాక్యులర్‌లో పిచ్చుక గింజ తినడం ఎప్పుడైనా చూశారా? మింగేయదు. గింజను ముక్కు అంచున ఇరికించుకుని, నాలుకతో దొర్లిస్తూ నొక్కుతుంది. పొట్టు చిట్లి ముక్కుకి అటూ ఇటూ జారుతుంది, పప్పు లోపలికి వెళ్తుంది. రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. నేను గంటలు గంటలు అదే చూస్తూ కూర్చున్నాను. ఆ జారిన పొట్టు ఎక్కడికి పోతోందో మాత్రం ఏడాది పాటు చూడలేదు. ఫీడర్ కింద, పూలకుండీల వెనక అరచేతి మందాన పొట్టు పేరుకుంది. సగానికి సగం అందులో తినని గింజలే. నచ్చని గింజని పిట్ట ముక్కుతో పక్కకి విసిరేస్తుంది. మిశ్రమం పేరుతో అమ్మే ప్యాకెట్లలో అలా విసిరేసేవే ఎక్కువ ఉంటాయి.

ఎలుకల జాడ మొదట ఫీడర్ మీదే కనిపించింది. ఒక ఉదయం ప్లాస్టిక్ రంధ్రం అంచు రంపంతో కోసినట్టు కొరికి ఉంది. తర్వాత గోడ వారన నూనె చేత్తో రాసినట్టు నల్లటి చార, సింక్ కింద పెంటికలు. ఎలుక రోజూ ఒకే దారిన, గోడకి ఒళ్లు రాసుకుంటూ నడుస్తుంది, ఆ చార అలా పడుతుంది. పక్కింటి పెద్దావిడ గోడ మీదుగా పిలిచి, "ఏమ్మా, నీ గింజలు మొదలయ్యాకే మా వంటింట్లోకి ఎలుకలొచ్చాయి" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఏదో ఒక జవాబు చెప్పేదాన్ని. అమ్మ మాత్రం, "ఆ గింజలు నువ్వు ఆపుతావా, నన్ను ఆపమంటావా" అంది. ఆ వారమంతా టెన్షనే.

ఆ టెన్షన్‌లో వరసగా మూడు తప్పులు చేశాను.

శబ్దంతో ఎలుకల్ని తరిమే ప్లగ్ యంత్రం మొదటిది. మూడు నెలలు నడిపాను. దాని ఎదురుగానే పెంటికలు పడ్డాయి. అమెరికాలో వినియోగదారుల వ్యవహారాలు చూసే ఎఫ్‌టీసీ ఇలాంటి యంత్రాల ప్రచారం మీద 2001లోనే 60కి పైగా తయారీదారులకు, అమ్మకందారులకు హెచ్చరిక లేఖలు పంపిందని తర్వాత చదివాను.

రెండోది జిగురు అట్ట. దీని గురించి రాయడం కష్టంగానే ఉంది. రాత్రి పూలకుండీల వెనక పెట్టాను, పొద్దున్న తీయడం ఆలస్యమైంది. ఆరున్నరకి వెళ్లేసరికి అట్ట మీద అప్పుడే గూడు వదిలిన పిచ్చుక పిల్ల ఉంది. ఒక రెక్క పూర్తిగా పరుచుకుని అతుక్కుపోయింది, పొట్ట కింది ఈకలు జిగురులో మునిగాయి. నోరు తెరిచి ఊపిరి తీస్తోంది కానీ చప్పుడు లేదు. తల్లి పిచ్చుక గోడ మీద అటూ ఇటూ గెంతుతూ అరుస్తోంది. మిగిలిన జిగురు మీద పిండి చల్లి, ఇంకా అతుక్కోకుండా చేసి, అట్టతో సహా అట్టపెట్టెలో పెట్టి పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లాను. దారిలోనే పోయింది. జిగురుకి ఎలుకా పిట్టా బల్లీ అన్న తేడా లేదు. ఇంగ్లండ్ 2022లో దీని మీద చట్టం చేసింది, 2024 నుంచి అక్కడ మామూలు జనం ఈ అట్టలు వాడటం నేరం. వేల్స్ అయితే 2023లోనే పూర్తిగా నిషేధించింది. తోటలో పిట్టలు తిరిగే ఇంట్లో ఇది ఒక్క రాత్రి కూడా ఉండకూడదు.

మూడోది ఎలుకల మందు. కొన్నాను కానీ వాడకముందే ఆగాను. బ్రోమాడియోలోన్ లాంటి మందు తిన్న ఎలుక వెంటనే చావదు. రక్తం గడ్డకట్టే గుణం పోయి లోపల రక్తస్రావమై కొన్ని రోజులకు చస్తుంది. ఈలోగా నీరసంగా, పగలు కూడా బయట తిరుగుతుంది. దాన్ని గుడ్లగూబ తింటే ఆ మందు గుడ్లగూబ ఒంట్లోకి పోతుంది. మా వెనక చెట్టు మీద రాత్రిళ్లు ఒక గుడ్లగూబ వచ్చి కూర్చుంటుంది. మనకన్నా బాగా ఎలుకల్ని పట్టేది అదే. కాలిఫోర్నియా ఈ కారణంతోనే ఈ తరహా మందుల్లో బలమైనవాటి వాడకాన్ని చాలావరకు ఆపుతూ 2020లో చట్టం తెచ్చింది. నా ప్యాకెట్ విప్పకుండానే దుకాణానికి తిరిగి ఇచ్చేశాను.

పని చేసింది చాలా చిన్న మార్పు. ఎలుక తిండికి బయల్దేరేది రాత్రి, పిట్ట తినేది పగలు. అంటే సూర్యాస్తమయం తర్వాత పెరట్లో ఒక్క గింజ కూడా మిగలకూడదు. సాయంత్రానికి పిట్టలు ఖాళీ చేసేంతే పొద్దున పోస్తాను. మొదట్లో రెండు గుప్పెళ్లు పోసి చూసి, మిగిలితే తగ్గించాను. చీకటి పడకముందే ఫీడర్ లోపలికి తెచ్చేస్తాను. కింద వెడల్పాటి పళ్లెం కట్టి, రాలిన పొట్టంతా దాంట్లోనే పడేలా చేశాను. ఆ పళ్లెం దులిపి, నేల ఊడ్చడానికి పది నిమిషాలు. పొట్టు తీసిన గింజలు కొంటే ఆ పది నిమిషాలు కూడా పట్టవు, కాకపోతే తడిస్తే త్వరగా పాడవుతాయి.

ఇంటి వైపు పని రెండు ఆదివారాలు పట్టింది. పెద్ద ఎలుక బొటనవేలు పట్టని సందులోంచి, అంటే ఇంచుమించు 12 మిల్లీమీటర్ల కంతలోంచి దూరుతుంది. చిట్టెలుకకి 6 మిల్లీమీటర్లు చాలు, పెన్సిల్ దూరితే అదీ దూరినట్టే. సింక్ పైపు గోడలోకి వెళ్లే చోట స్టీలు పీచు కుక్కి సిమెంటు పూశాను, కాలువ మూతకి సన్నటి జాలీ బిగించాను. ఉన్నవాటికి స్ప్రింగ్ ఉచ్చు, అదీ చిన్న కంత ఉన్న చెక్కపెట్టెలో, పిట్టలు దూరకుండా. ఎలుకకి కొత్త వస్తువంటే అనుమానం. అందుకే నాలుగైదు రోజులు స్ప్రింగ్ ఎక్కించకుండా ఊరికే ఎర పెట్టి, అలవాటయ్యాక ఎక్కించాను. రాత్రి పెట్టి తెల్లవారకముందే తీసేయాలి, ఇక్కడ ఆలస్యం పనికిరాదు. ఆరు వారాల్లో పెంటికలు ఆగిపోయాయి. పక్కింటావిడ దగ్గరికి నేనే వెళ్లి అడిగాను, వాళ్లింట్లోనూ తగ్గాయన్నారు.

మిగతా పురుగుల సంగతి క్లుప్తంగా చెప్తాను. గింజల సంచిని వంటింట్లో పెడితే నెల తిరిగేసరికి ముక్కపురుగులు, బూడిదరంగు రెక్కల పురుగులు లేచి ఇంట్లో బియ్యం డబ్బాలోకీ చేరాయి. ఇప్పుడు కొన్న వెంటనే నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, తర్వాత బిగుతు మూత డబ్బాలో పోస్తాను. చీమలకి ఫీడర్ తీగ మీద నీళ్లు నిలిచే చిన్న గిన్నె తగిలించాను, చీమ దాన్ని దాటలేదు. తీగకి నూనె గానీ గ్రీజు గానీ రాయకండి, ఈకలకి అంటితే పిట్టకి ప్రమాదం. బొద్దింకలకి స్ప్రే మానేసి అలమర కీళ్ల దగ్గర జెల్ చుక్కలు పెడుతున్నాను.

నీళ్ల గిన్నె గురించి ఒకటి గట్టిగా చెప్పాలి. పిట్టలకి నీళ్లు గింజలకన్నా ముఖ్యం, గింజలకి పెద్దగా రాని బుల్బుల్, గోరింక కూడా నీళ్లకి వస్తాయి. కానీ నిలవ నీళ్లలో వారం పది రోజుల్లో దోమ తయారవుతుంది. నీళ్లు ఒంపేస్తే చాలదు. డెంగీ దోమ గుడ్లు గిన్నె గోడకి, నీటి అంచు పైన అతుక్కుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. రెండు రోజులకోసారి నీళ్లు పారబోసి, లోపలి గోడని బ్రష్‌తో రుద్దాలి.

కిటికీ మీద గూడు పెట్టిన బుల్బుల్ పిల్లలు ఎగిరిపోయాక, కిటికీ గట్టు మీద గుండుసూది మొనంత చుక్కలు కదులుతూ కనిపించాయి, చేతుల మీద దురద. అవి పిట్టల మీద బతికే నల్లుల్లాంటి అతి చిన్న పురుగులు (మైట్లు). మన మీద ఎక్కువ కాలం బతకవు. గూట్లో ఎవరూ లేరని రూఢి చేసుకుని, గ్లౌజు, మాస్కు వేసుకుని గూడు తీసి, సబ్బు నీళ్లతో గట్టు కడిగాక ఆగింది. పిల్లలున్న గూటిని మాత్రం ఎంత దురద పెట్టినా ముట్టుకోలేదు.

ఇక గింజలు నేరుగా పళ్లెంలోనే పోసే పళ్లెం ఫీడర్. అదీ రెండేళ్లు వాడి తీసేశాను. తిన్న చోటే పిట్టలు రెట్ట వేస్తాయి, అందులోనే మళ్లీ ముక్కు పెడతాయి. బ్రిటన్‌లో గ్రీన్‌ఫించ్ పిట్టలు 2005 తర్వాత ట్రైకోమోనోసిస్ అనే జబ్బుతో భారీగా తగ్గిపోయాయి. ఆర్‌ఎస్‌పీబీ ఆ జబ్బు వ్యాపిస్తుందన్న ఆందోళనతో చదునైన ఫీడర్ల అమ్మకాన్నే 2025లో నిలిపేసింది. గొట్టం ఫీడర్‌నైనా రెండు వారాలకోసారి తొమ్మిది పాళ్ల నీళ్లకి ఒక పాలు బ్లీచ్ కలిపి కడిగి, పూర్తిగా ఆరాకే గింజలు పోస్తాను. ఈకలు ఉబ్బించుకుని కదలకుండా కూర్చున్న పిట్ట కనిపిస్తే రెండు వారాలు ఫీడర్ తీసేస్తాను.

నా నోటుబుక్‌లో ఒక సంగతి ఏటా కనిపిస్తోంది. పిల్లలు పెట్టే నెలల్లో పిచ్చుకలు ఫీడర్ దగ్గర సగానికి తగ్గిపోతాయి. తోటలో చిక్కుడు పాదు మీదే ఉంటాయి. బైనాక్యులర్‌లో చూస్తే నోట్లో గొంగళిపురుగులు, పేనుబంక. పిల్లలకి అవి గింజలు పెట్టవు, పురుగులే పెడతాయి. 1958లో చైనా ఎలుకలు, ఈగలు, దోమలతో పాటు పిచ్చుకని కూడా చీడల జాబితాలో చేర్చి కోట్ల సంఖ్యలో చంపించింది. పొలాల్లో పురుగులు పెరిగిపోయాయి. 1960లో పిచ్చుక పేరు తీసి ఆ చోట నల్లుల్ని పెట్టారు. అది చదివినప్పటి నుంచి ఆ పాదు మీద ఏ మందూ కొట్టడం లేదు. కాయలు కొన్ని పుచ్చుతాయి. పుచ్చనీ.

పావురాల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. పంజరంలోకి దూరలేక, కింద పళ్లెంలో రాలిన గింజల కోసం గుంపుగా వస్తాయి, వాటి బరువుకి పళ్లెం ఒరిగి మొత్తం నేల మీద పడుతోంది. పోయిన వారం పళ్లెం మీద కూడా జాలీ బిగించాను. రెండు రోజులు రాలేదు. మూడో రోజు ఒకటి జాలీ మీద కూర్చుని లోపలికి మెడ సాచి చూస్తోంది. పిచ్చుకలు దాని పక్కనే, ఏమీ పట్టనట్టు తింటున్నాయి.