ఉద్దానంలో ఏ పరీక్ష నమ్మాలి: యూరిన్ స్ట్రిప్పా, క్రియాటినిన్నా?

శ్రీకాకుళం జిల్లాలో మా కవిటి వైపు, అంటే ఉద్దానంలో, కిడ్నీ జబ్బు కోసం క్యాంపు పెడితే ముందు చేసేది యూరిన్ పరీక్షే. స్ట్రిప్ ముంచుతారు, నిమిషంలో రంగు చూస్తారు. పసుపుగానే ఉంటే ప్రోటీన్ లేదన్నమాట. మనిషి హాయిగా జీడితోటకి వెళ్లిపోతాడు. చిక్కంతా అక్కడే.

షుగర్ వల్ల కిడ్నీ పాడైతే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి కారుతుంది, ఆ స్ట్రిప్ పట్టేదీ ముఖ్యంగా దాన్నే. ఉద్దానం కిడ్నీ జబ్బు వేరు. ఇక్కడ ఎక్కువగా దెబ్బతినేది వడపోత గుచ్ఛాలు కాదు, వాటి తర్వాతి సన్నని నాళాలు, వాటి చుట్టూ ఉన్న కణజాలం. అందుకే షుగరూ బీపీ లేకపోయినా, స్ట్రిప్ ఆకుపచ్చగా మారకపోయినా, లోపల కిడ్నీ కుంచించుకుపోతూ ఉండొచ్చు.

క్రియాటినిన్‌కి సూది గుచ్చాలి, ల్యాబు కావాలి. అది కండ నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీ వడకట్టలేకపోతే రక్తంలో పేరుకుంటుంది. అదీ తొందరగా ఏం చెప్పదు. దాదాపు సగం పనితీరు పోయాకే అంకె పెరుగుతుంది. కండ తక్కువున్న ముసలమ్మకి 1.1 వచ్చినా నిశ్చింతగా ఉండలేం. వయసు, ఆడామగా కలిపి జీఎఫ్ఆర్, అంటే కిడ్నీ నిమిషానికి ఎంత వడకడుతోందో ఆ లెక్క కట్టించాలి. అది 60 కంటే తక్కువొస్తే మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలి, ఎండదెబ్బకో వాంతులకో ఒక్కసారి తేడా రావచ్చు కదా.

నన్నడిగితే ఇక్కడ రక్తపరీక్షకే నా ఓటు. స్ట్రిప్ మానేయమనను గానీ, అది బాగుందని ఇంటికి పంపేయడం మాత్రం ఒప్పుకోను.