పది నిమిషాలకో ఫోటో తీసే యాప్: మూడు నెలలు వాడాక

పేరు చెప్పను, ఇలాంటివి మార్కెట్లో చాలానే ఉన్నాయి. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల కంప్యూటర్లో వేస్తే పది నిమిషాలకోసారి స్క్రీన్ ఫోటో తీసి, కీబోర్డు, మౌస్ ఎంత కదిలాయో లెక్కకట్టి, ఎంత శాతం పని జరిగిందో క్లయింటుకి చూపిస్తుంది. మా సాఫ్ట్‌వేర్ టీమ్‌లో ఇద్దరం గుంటూరు, ఒకరు హైదరాబాద్, ఇద్దరు పోలండ్, క్లయింటేమో షికాగో. వీడియోలో తప్ప ఒకరినొకరం చూసుకోలేదు, అందుకని ‘నమ్మకం కోసం’ అంటూ ఆయనే పెట్టించాడు.

బాగున్నది ముందు చెప్తా. గంటల లెక్క పక్కా, నెలాఖరున బిల్లు పంపితే వాదన ఉండదు. అంతే.

ఒకరోజు కస్టమర్ డబ్బులు రెండుసార్లు కట్ అయ్యే బగ్ వచ్చింది. బ్రాడీపేటలో మా డాబా మీద కూర్చుని కాగితం మీద రెండు గంటలు గీతలు గీస్తే దొరికింది, మార్చింది నాలుగే లైన్లు. ఆ పూట యాప్ నాకేసిన మార్కు 11 శాతం! మావాడొకడు మాత్రం వాళ్ల నాన్నగారి ముళ్ల వాచీ మీద మౌస్ పెట్టేసి భోజనానికి వెళ్లేవాడు, కింద సెకన్ల ముల్లు తిరుగుతుంటే పైన కర్సర్ జరుగుతూనే ఉండేది, వాడికెప్పుడూ 80కి తగ్గలేదు. మా మిర్చి యార్డులో కూడా కాయ చూసి రేటు చెప్తారు గానీ రైతు ఎన్నిసార్లు వంగాడో లెక్కపెట్టరు కదా.

ఇంకోటి, అమ్మ బ్యాంకు ఖాతా తెరిచినప్పుడే ఫోటో పడింది. తీసేస్తే ఆ పది నిమిషాల డబ్బులు కట్.

మాకు పనికొచ్చింది వేరే. షికాగోలో పొద్దున 9 అంటే మనకి రాత్రి 7:30, నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక 8:30, కాబట్టి కలిసి మాట్లాడుకునేది రోజుకి గంటే. అందుకని ఏం అయింది, ఏం ఆగింది, ఎవరి దగ్గర ఆగింది అని పడుకునేముందు ఐదు లైన్లు రాసిపెట్టడం మొదలెట్టాం. ఎవరి కోడ్ వాళ్లే మెర్జ్ చేసుకోకూడదు, అంటే అందరి కోడ్‌లో కలిపేయకూడదు, రెండోవాళ్లు చూడాల్సిందే. ఇదేం కొత్త కాదు, లైనక్స్ మొదలెట్టిన లినస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్ (కోడ్‌లో ఎవరేం మార్చారో గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్) రాసిందే తలోదేశంలో ఉండి లైనక్స్ కెర్నెల్, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, రాసేవాళ్ల కోసం.

మే నెలలో మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ పేలితే, క్లయింటు అడక్కముందే రెండు రోజులు ఆలస్యమవుతుందని ఫోన్ నుంచి మెసేజ్ పెట్టాను. తిడతాడనుకున్నా, సరే అన్నాడు. తర్వాతి వారం ప్రొడక్షన్ సర్వర్ (కస్టమర్లు వాడే అసలు సిస్టమ్) యాక్సెస్ ఆయనే ఇచ్చాడు. యాప్‌లో నా శాతం ఎంతుందో ఆయన చూశాడని కూడా అనుకోను.

మూడో నెలలో యాప్ ఆయనే తీసేయించాడు. మీ క్లయింటు తప్పదంటే కంప్యూటర్లో విడిగా ఇంకో యూజర్ చేసుకుని అందులోనే వేసుకోండి, లేదంటే ఇంటి సంగతులన్నీ షికాగో వెళ్తాయి. 5కి 2 స్టార్లు, అదీ బిల్లు కోసం.