హెచ్చరిక: ‘జీవితాంతం సంపూర్ణ సంరక్షణ’ అని చెప్పుకునే వృద్ధాశ్రమంతో ఒప్పందం చేసుకునే ముందు

ఇంట్లోని పెద్దవారి కోసం వృద్ధాశ్రమాన్నో, కేర్ హోమ్‌నో వెతుకుతున్న కుటుంబాలు డబ్బు కట్టే ముందు ఒక విషయం రాతపూర్వకంగా తేల్చుకోవాలి: చేరిన మనిషి ఆరోగ్యం దిగజారితే ఆ సంస్థ ఏం చేస్తుంది? మా అత్తగారిని చేర్చిన సంస్థ విషయంలో దీనికి కరపత్రంలో ఒక జవాబు, ఒప్పందంలో మరో జవాబు ఉన్నాయి. ఫిర్యాదు ఇంకా విచారణలో ఉన్నందున సంస్థ పేరు రాయడం లేదు.

చేరే నాటికి ఆమె చేతికర్ర సాయంతో నడిచేవారు. స్నానానికి మాత్రం ఒకరి తోడు అవసరమయ్యేది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ జరిగాక, మంచం దిగాలన్నా ఇద్దరు పట్టుకోవలసిన పరిస్థితి వచ్చింది. అప్పుడు నిర్వాహకులు ఒప్పందానికి ఒక అనుబంధం ఉందని బయటికి తీసి, తాము అందించేది రోజువారీ పనుల్లో చేయూతే తప్ప నర్సింగ్ కేర్ కాదనీ, అంతకు మించి కావాలంటే నెలసరి రుసుముకు దాదాపు సమానమైన మొత్తం అదనంగా కట్టాలనీ, కట్టలేకపోతే 30 రోజుల్లో గది ఖాళీ చేయాలనీ చెప్పారు. మాకు ఇచ్చిన ప్రతిలో ఆ అనుబంధమే లేదు. ఆపరేషన్ అయిన మనిషిని ఉన్నపళంగా ఎక్కడికి తీసుకెళ్తాం? అడిగినంతా కట్టాం.

కట్టిన డబ్బుకు దక్కిందేమిటో ఒక మధ్యాహ్నం కళ్లారా చూశాం. ఏ వేళ ఆమెను ఏ పక్కకు తిప్పి పడుకోబెట్టారో రాసే పట్టిక మంచం పక్కన వేలాడుతోంది. అప్పటికి ఇంకా మూడు కాలేదు. పట్టికలో మాత్రం రాత్రి ఎనిమిది దాకా టిక్కులు పడిపోయి ఉన్నాయి, అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో. కాల్ బెల్ తీగను ఆమె చేతికి అందకుండా తలవైపు కమ్మీకి చుట్టేశారు. దుప్పటి తొలగించి చూస్తే వెన్నెముక చివర చర్మం ఎర్రగా కమిలి ఉంది. వేలితో నొక్కినా ఆ ఎరుపు పోలేదు.

నొక్కినా తెల్లబడని ఎరుపు పడక పుండుకు తొలి దశ. ఒకేచోట శరీర భారం పడుతూ ఉంటే అక్కడికి రక్తం సరిగా అందక కణజాలం చచ్చుబడుతుంది కాబట్టే మంచం పట్టినవారిని వేళ తప్పకుండా తిప్పాలి. ఈ ముప్పును ముందే అంచనా వేయడానికి 1987 నుంచి బ్రేడన్ స్కేల్ అనే కొలమానం ఉంది. స్పర్శ తెలియడం, చర్మపు తడి, నడక, మంచంలో కదలిక, పోషణ, రాపిడి అనే ఆరింటిని చూసి 6 నుంచి 23 వరకు అంకె వేస్తారు; అంకె ఎంత తక్కువైతే ముప్పు అంత ఎక్కువ. మా అత్తగారి అంకె ఎంత అని అడిగితే, అదనపు రుసుముకు రసీదు రాసిన మేనేజరు ఆ పేరే వినలేదన్నారు.

ఎవరికి ఏ తరహా సంరక్షణ కావాలో సంస్థ మార్కెటింగ్ సిబ్బంది చెప్పేదాకా ఆగవద్దు. 1963లో డాక్టర్ సిడ్నీ కాట్జ్ బృందం ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది: స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డి వాడకం, మంచం నుంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలపై అదుపు, తినడం అనే ఆరు పనుల్లో మనిషి ఏవి సొంతంగా చేసుకోగలరో చూడటమే ఆ పద్ధతి. ఒకటి రెండింటికే సాయం చాలితే ఇంటికి వచ్చే అటెండెంటు, పగటి సంరక్షణ కేంద్రం లేదా అసిస్టెడ్ లివింగ్ (రోజువారీ పనుల్లో చేయూతనిచ్చే నివాసం) సరిపోవచ్చు. ఎక్కువ పనులకు ఇతరులపై ఆధారపడుతూ గాయాలకు కట్లు, గొట్టాలు, ఇంజెక్షన్లు కూడా అవసరమైతే, రాత్రి కూడా అర్హత గల నర్సు ఉండే చోటే చూడాలి. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాను మసకబార్చడంలోనే ఇలాంటి సంస్థలకు లాభం ఉందని నా అభిప్రాయం.

డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు) ఉన్నవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సిబ్బంది చాలని చోట గొడవ చేసే మనిషిని మందులతో మగతలో ఉంచే ప్రమాదం ఉంది. డిమెన్షియా ఉన్న వృద్ధులకు కొన్ని యాంటీసైకోటిక్ మందులు (తీవ్రమైన మానసిక రుగ్మతలకు వాడేవి) ఇస్తే మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. కొత్త మందు మొదలుపెట్టే ముందు, అత్యవసరం కాని పక్షంలో, కుటుంబానికి తెలియజేయాలని ఒప్పందంలో రాయించుకోండి.

పగటిపూట చూపించే తోటను, భోజనశాలను చూసి తృప్తి పడకుండా, రాత్రి భోజనాలయ్యాక ఒకసారి ముందుగా చెప్పకుండా వెళ్లి, ఎంతమంది పెద్దవారికి ఎంతమంది సిబ్బంది ఉన్నారో లెక్కపెట్టండి. వీలైతే శాశ్వతంగా చేర్చే ముందు కొద్ది రోజుల తాత్కాలిక బసకు పంపండి. దానికి ఒప్పుకోని సంస్థను నేనైతే నమ్మను. ఆసుపత్రిలో ఉన్న రోజులకు కూడా పూర్తి రుసుము వసూలు చేస్తారేమో అడగండి. మా దగ్గర చేశారు.

అత్తగారిని ఇప్పుడు నర్సులు ఉండే మరో చోటికి మార్చాం, పుండు మానుతోంది. డిపాజిట్ మాత్రం ఇంకా రాలేదు. ఆ గదిలో మరొకరు చేరాకే తిరిగి ఇస్తామంటున్నారు. ఒప్పందంలో ‘తగిన సమయంలో’ అని ఉందే గానీ గడువు లేదు. ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో, ఏయే కోతలు పోను ఎంత మొత్తం తిరిగి ఇస్తారో, చేరిన వ్యక్తి మరణిస్తే ఎవరికి ఇస్తారో అంకెలతో సహా రాసి, అనుబంధాలన్నీ జతచేసిన ప్రతి చేతికి వచ్చాకే సంతకం పెట్టండి.