జిప్సీ వెనుక బ్రేకులు: పెద్ద సరుకు దొరుకుతుంది, చిన్న సరుకే దొరకదు

మారుతి జిప్సీ జీపుకు సామాను దొరకదని చెప్పేవాళ్లలో చాలామంది ఎన్నడూ జిప్సీ ఉంచుకోనివాళ్లే. ఏపీ 03 నంబరున్న 2004 నాటి జిప్సీ కింగ్‌ను తిరుపతిలో ఏళ్ల తరబడి నడుపుతున్న నా అనుభవం అది కాదు. 1985లో వచ్చి, 2019 నాటికి సాధారణ అమ్మకాల నుంచి తప్పుకున్న బండి ఇది. సైన్యం, పోలీసు, అటవీ శాఖలు దశాబ్దాల పాటు దీన్నే నమ్ముకోవడం వల్ల సామాను చేసేవాళ్లూ అమ్మేవాళ్లూ ఇంకా మిగిలారు. వెనుక బ్రేకుల విషయంలోనే ఒక తిరకాసు ఉంది. చక్రంతో పాటు తిరిగే డ్రమ్ములు, లోపలి నుంచి వాటికి ఒరుసుకుని బండిని ఆపే షూలు, ఆ షూలను తెరిచే సిలిండర్లు కాస్త తిరిగితే దొరుకుతాయి. వాటిని పట్టి ఉంచే స్ప్రింగులు, పిన్నులు, లివర్లు ఎంత తిరిగినా దొరకవు.

నా వాడకం ఎలాంటిదో ముందే చెప్పాలి. దామలచెరువు వైపు మామిడి తోటకు వెళ్లే బాటలో ఒక వంక దాటాలి. వానలు పడితే చక్రం సగం వరకు నీళ్లే. కింగ్‌కు ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు. డిస్కు తడిసినా నాలుగడుగులు నడిస్తే ఆరిపోతుంది. డ్రమ్ములోకి వెళ్లిన బురద అక్కడే ఉండిపోతుంది. ఊడదీసి చూస్తే ఎర్రమట్టి, షూ మీద ఉండే రాపిడి పట్టీ అంటే లైనింగు పొడి కలిసి అట్టకట్టి కనిపిస్తుంది. అది, షూను డ్రమ్ముకు దగ్గరగా ఉంచే అడ్జస్టరు పళ్లలో ఇరుక్కుంటే అడ్జస్టరు కదలదు. షూ అరిగేకొద్దీ పెడల్ కిందికి దిగుతుంది, హ్యాండ్ బ్రేకు లాగేకొద్దీ పైకి వస్తుంది. తోటలో ఏటవాలు గట్టు మీద బండి ఆపి కాయల బుట్టలు ఎక్కించేటప్పుడు చక్రం కింద రాయి పెట్టాల్సి వస్తోందంటే, డ్రమ్ము విప్పే రోజు వచ్చినట్టే.

ఆ పొడిని నోటితో ఊదకండి, గాలి పైపుతో కొట్టించకండి. పాతకాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. మీ బండిలో ఉన్నవి ఏ కాలానివో ఎవరు చూశారు? తడిగుడ్డతో తుడిస్తే చాలు.

షూల సంగతి. కంపెనీ డీలరు కౌంటరులో పార్టు నంబరు ఇచ్చి ఆర్డరు పెడితే అసలు షూలు వస్తాయి. రోజులు పడుతుంది, మధ్యలో ఒకటికి రెండుసార్లు గుర్తుచేయాలి, అయినా వస్తాయి. బయటి దుకాణాల్లో అంతకంటే చౌకగా ఇతర కంపెనీల షూలు ఉంటాయి. పాత షూకే కొత్త లైనింగు అతికించి ఇచ్చేవాళ్లు మూడో దారి. నేను మూడూ వాడాను. నా ఓటు అసలు షూలకే. రెండో స్థానం బయటి కంపెనీకి కాదు, మంచి లైనింగుతో అతికించిన పాత షూకి. కారణం ఉంది. పాత షూ ఇనుప వంపు ఈ బండి కోసం చేసినదే, దాని కన్నాలు, గాడులు అన్నీ సరిగ్గా కూర్చుంటాయి. చౌక షూల్లో లైనింగు బాగానే ఉన్నా వంపు సరిగా ఉండదు. డ్రమ్ముకు మధ్యలో మాత్రమే ఆని, రెండు చివర్లూ తేలిపోతాయి.

లైనింగు నాణ్యత తేలేది తిరుమల నుంచి దిగేటప్పుడు. దిగే బండ్లన్నీ 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డులోనే రావాలి. మలుపు మీద మలుపు. తక్కువ గేరులో దిగినా బ్రేకుకు విశ్రాంతి ఉండదు. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూకు దూరం జరుగుతుంది కాబట్టి పెడల్ కొంచెం ఎక్కువ లోతుకు పోవడం సహజమే. నాసిరకం లైనింగు అంతటితో ఆగదు. మాడు వాసన వస్తుంది, ఎంత తొక్కినా పట్టు పెరగదు. ఒక చౌక జత నాకు అలిపిరి చేరేలోపే ఆ వాసన చూపించింది. ఇంటికి వచ్చాక విప్పితే లైనింగు అద్దంలా నిగనిగలాడుతోంది. ఆ జత మళ్లీ బండికి ఎక్కలేదు.

డ్రమ్ము విప్పడం గురించి ఒక మాట. దాని ముఖం మీద లోపల మరలున్న కన్నాలు రెండు ఉంటాయి. వాటిలో 8 మి.మీ. బోల్టులు వేసి, అటొకసారి ఇటొకసారి బిగిస్తూ పోతే డ్రమ్ము దానంతట అదే బయటికి వస్తుంది. సుత్తితో అంచు మీద బాదే మెకానిక్ కనబడితే బండి తీసుకుని వచ్చేయండి. పోత ఇనుము పగులుతుంది, కొత్తది కొనాల్సింది మీరే. గీతలు పడిన డ్రమ్మును లేతు మీద సాపు చేయించవచ్చు కానీ దానికీ హద్దు ఉంది. కొత్త డ్రమ్ము లోపలి వ్యాసం 220 మి.మీ., 222 దాటితే ఇక తూకానికి వేయాల్సిందే.

వీల్ సిలిండరు కొనేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. రేణిగుంట రోడ్డు వైపు ఒక దుకాణంలో నా ముందు ఒక సిలిండరు పెట్టి, "ఇది ఆమ్నీ వ్యానుది అన్నా, దీనికీ పడుతుంది, అందరూ ఇదే తీసుకుపోతారు" అన్నాడు. బోల్టుల దూరం దగ్గరదగ్గరగా ఉంది, కానీ బోరు, అంటే లోపలి వ్యాసం, వేరు. బోరు పెద్దదైతే అదే పెడల్ ఒత్తిడికి వెనుక షూలు ఎక్కువ బలంగా తెరుచుకుంటాయి. జిప్సీ తోక భాగం తేలిక. తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే వెనుక చక్రాలు ముందే బిగుసుకుపోయి బండి పక్కకు తిరుగుతుంది. బోరు చిన్నదైతే వెనుక బ్రేకు ఉన్నా లేనట్టే. పాత సిలిండరు జేబులో వేసుకుని వెళ్లండి, వెర్నియర్‌తో కొలిచి తీసుకోండి. అందరూ తీసుకుపోతున్నారన్నది కొలత కాదు.

సిలిండరు గోడ నున్నగా ఉంటే రబ్బరు కప్పుల కిట్టు మారిస్తే సరిపోతుంది. అక్కడ మన మెకానిక్‌ల అలవాటు ఒకటి కొంప ముంచుతుంది. భాగాలన్నీ పెట్రోలులో కడిగి, ఆ తడి చేతులతోనే కొత్త రబ్బర్లు ఎక్కిస్తారు. పెట్రోలు తగిలిన ఆ రబ్బరు ఉబ్బుతుంది, పిస్టన్ వెనక్కి రాదు, బ్రేకు పట్టేసి చక్రం వేడెక్కుతుంది. కిట్టు బాగాలేదని దుకాణదారును తిట్టుకుంటాం. బ్రేకు ద్రవంతోనే కడగమని పక్కన నిలబడి చెప్పాలి. చెబితే విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

కొత్త షూలు వేసిన కొన్నాళ్లకే ఒక పక్క నూనె జిడ్డు కనిపిస్తే బ్రేకు సామానును అనుమానించే ముందు వాసన చూడండి. ఘాటైన గేరు నూనె వాసన వస్తే అది యాక్సిల్ సీలు నుంచి కారుతున్నది. సీలు మార్చకుండా షూలు మార్చడం డబ్బు దండగ. నూనె తాగిన లైనింగును ఎంత కడిగినా బాగుపడదు.

ఇక అసలు కరువు. రిటర్న్ స్ప్రింగులు, షూను వెనుక పళ్లానికి (బ్యాక్ ప్లేటుకు) అదిమి ఉంచే పిన్నులు, వాటి గిన్నె మూతలు, అడ్జస్టరు కడ్డీ, హ్యాండ్ బ్రేకు లివరు. కొత్త షూల పెట్టెలో ఇవి రావు. డీలరు కౌంటరులో కొన్నింటికి నంబరు ఉంటుంది, సరుకు ఉండదు. వర్క్‌షాపుల్లో పాత షూలతో పాటు వీటినీ డబ్బాలో పారేస్తారు, తర్వాత దొరికిన స్ప్రింగు ఏదో తగిలిస్తారు. సాగిపోయిన స్ప్రింగు షూను పూర్తిగా వెనక్కి లాగదు. బండి నడుస్తున్నంతసేపూ షూ రాసుకుంటూనే ఉంటుంది, మైలేజీ పడిపోయిందని మనం ఇంజను వైపు చూస్తుంటాం.

వీటికోసం తిరుపతిలో తిరగడం కాళ్లనొప్పికే. చెన్నై పుదుప్పేటలో విప్పిన బండ్ల సామాను అమ్మే సందులే దిక్కు. చిత్తూరువాళ్లు బెంగళూరు జేసీ రోడ్డుకు వెళ్తుంటారు, అక్కడ కొత్త సరుకు ఎక్కువ. పుదుప్పేటలో విడి ముక్కలు అడిగితే చెప్పిన ధరకు హద్దుండదు. రెండు పక్కల పళ్లాలూ మొత్తం అమరికతో సహా బేరమాడితే చవక. నేను అలాగే తెచ్చుకున్నాను. వాటి షూలు, సిలిండర్లు తుక్కే, కానీ స్ప్రింగులు బిగువుగా ఉన్నాయి, అడ్జస్టరు పళ్లు అరగలేదు. ప్రస్తుతం బండిలో ఉన్నవి అవే, పైన అసలు షూలు. వంక దాటిన ప్రతి వానాకాలం తర్వాత విప్పి తుడుస్తున్నాను, పెడల్ ఎత్తు మారలేదు.

కుడివైపు హ్యాండ్ బ్రేకు లివరు ఒక్కటే బాకీ. ఎడమదీ కుడిదీ ఒకటి కావు, అద్దంలో బొమ్మల్లా తిరగేసి ఉంటాయి. ఫోటో పంపి, కుడివైపుదని రెండుసార్లు చెప్పి, డబ్బు కట్టి పార్సిల్ తెప్పించుకుంటే ఎడమది వచ్చింది. ఎవరికైనా ఎడమది కావాలంటే నా దగ్గర ఉంది, కుడిదానికి మార్పిడి.