మూడేళ్లు వాడాక: 32 బిట్ ఫ్లోట్ రికార్డరూ, పెయింటర్ రాడ్డుతో చేసిన బూమూ

2022 డిసెంబర్లో కొన్నాను ఈ సౌండ్ రికార్డర్. అప్పటికి మాది నలుగురి టీం, బెజవాడలోనే. ఒక సెకండ్ హ్యాండ్ మిర్రర్‌లెస్ కెమెరా, రెండు ఎల్ఈడీ లైట్లు, ఒక థర్మాకోల్ షీటు, అంతే సరంజామా. షార్ట్ ఫిల్మ్ తీసేయడం, ఆ తర్వాత డబ్బింగ్‌కి గంటల లెక్కన స్టూడియో మాట్లాడుకుని అదే మనుషుల్ని మళ్లీ పిలిపించి చెప్పించుకోవడం, ఇదే మా పద్ధతి. కానీ మా సినిమాల్లో చేసేవాళ్లు ఎవరండీ, పక్కింటి ఆంటీ, ఆటో నడిపే బాబాయ్, డిగ్రీ చదివే కుర్రాళ్లు. స్పాట్లో ప్రాణం పెట్టి చెప్పిన డైలాగే అద్దాల గదిలో హెడ్‌ఫోన్ పెట్టి నిలబెట్టేసరికి పాఠం అప్పజెప్పినట్టు వచ్చేది. ఒక సినిమాలో కొడుకు ఊరొదిలి వెళ్తుంటే తల్లి "అన్నం తిని పోరా" అనే ఒక్క మాట ఉంది, స్పాట్లో ఆవిడ గొంతు ఎలా వణికిందో కెమెరా మైకులో ఫ్యాను హోరు మధ్య వినిపిస్తూనే ఉంది. డబ్బింగ్‌లో ఇరవై సార్లు చెప్పించినా అది రాలేదు. అప్పుడే అనుకున్నా, లెన్సు తర్వాత కొనొచ్చు, ముందు సింక్ సౌండ్, అంటే స్పాట్లోనే డైలాగ్ రికార్డ్ చేయడం, పట్టాలని.

కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇలాంటి చిన్న రికార్డర్లు ఇప్పుడు చాలా దొరుకుతున్నాయి, నేను చెప్పే మంచీ చెడ్డా చాలావరకు అన్నిటికీ వర్తిస్తుంది. నాది అరచేతిలో పట్టేంత ఉంటుంది, రెండు ఎక్స్ఎల్ఆర్ ఇన్‌పుట్లు (మూడు పిన్నుల మైకు కేబుల్ పెట్టేవి), 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్లోంచే మైకుకి ఇచ్చే కరెంటు), 32 బిట్ ఫ్లోట్ రికార్డింగ్. ఈ 32 బిట్ ఫ్లోట్ అనేది, అంటే శబ్దం ఎంత చిన్నదైనా పెద్దదైనా ఒకే ఫైల్లో పట్టే పద్ధతి, మనలాంటి వాళ్లు కొనగలిగే ఫీల్డ్ రికార్డర్లలోకి 2019లో వచ్చింది, జూమ్ ఎఫ్6, సౌండ్ డివైసెస్ మిక్స్‌ప్రీ టూ సిరీస్ ఆ ఏడాదివే. లోపల ఒక్కో ఇన్‌పుట్‌కి రెండు కన్వర్టర్లు ఉంటాయి, ఒకటి చిన్న శబ్దానికి, ఒకటి పెద్ద శబ్దానికి, రెండూ కలిపి ఒకే ఫైల్లో రాసుకుంటుంది. మామూలు 24 బిట్ ఫైల్లో పట్టేది లెక్క ప్రకారం అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య 144 డెసిబెల్స్ తేడా, ఇందులో 1500 పైన. అంటే గెయిన్ నాబ్ (రికార్డింగ్ లెవెల్ పెంచి తగ్గించేది) పట్టుకుని ఒక మనిషి కూర్చోక్కర్లేదు. మా టీంలో సౌండ్ కోసమని విడిగా మనిషే లేడు కాబట్టి నాకు ఇదే పెద్ద వరం అనిపించింది.

ఉదాహరణకి తండ్రీకొడుకుల గొడవ సీను ఒకటి, రిహార్సల్లో ఆయన మెల్లగా గొణిగినట్టు చెప్పి టేక్‌లో ఒక్కసారిగా అరిచేశాడు. మామూలు రికార్డర్ అయితే అక్కడ సౌండ్ పగిలిపోయి టేక్ పోయేది, ఎడిటింగ్‌లో వేవ్‌ఫామ్ చూస్తే గీత పైకి తగిలి నరికేసినట్టే ఉంది, కానీ లెవెల్ కిందకి లాగగానే చక్కగా గుండ్రంగా వచ్చేసింది. ఆ రోజు నాకు కళ్లలో నీళ్లొచ్చినంత పనైంది.

కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి, ఇది చాలామందికి అర్థం కావట్లేదు. 32 బిట్ ఫ్లోట్ కాపాడేది పగిలిపోవడం నుంచి మాత్రమే, రొద నుంచి కాదు. మైకు దూరంగా పెట్టి తర్వాత వాల్యూమ్ పెంచుకుందాంలే అంటే మాటతో పాటు ఫ్యానూ పెరుగుతుంది, రోడ్డు మీద హారనూ పెరుగుతుంది. పైగా మైకే తన పరిమితి దాటి పగిలినా, వైర్‌లెస్ సెట్టు ట్రాన్స్‌మిటర్ దగ్గరే పగిలినా, రికార్డర్ చేసేదేం ఉండదు. అద్దెకి తెచ్చిన కాలర్ మైకు సెట్టుతో ఈ దెబ్బ తిన్నాం, ఒక పూట పనంతా పోయింది.

అసలు సంగతి దూరమే. మైకుకీ నోటికీ మధ్య దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది, గదిలో ప్రతిధ్వని మాత్రం అంతే ఉంటుంది, అందుకే దూరం మైకు బావిలోంచి మాట్లాడినట్టు వినిపిస్తుంది. మేం ఇప్పుడు ఫ్రేమ్‌కి సరిగ్గా పైన, తలకి అడుగున్నర రెండడుగుల ఎత్తులో, ఛాతీ వైపు చూసేలా పెడతాం. కెమెరామెన్ "అన్నా మైకు ఫ్రేమ్‌లోకొచ్చింది" అని అరిస్తే అప్పుడు రెండు వేళ్లు పైకి.

దానికి బూమ్ రాడ్డు, అంటే చివర మైకు పెట్టి పైనుంచి పట్టుకునే పొడుగు కర్ర, కావాలి కదా. ఒరిజినల్ కార్బన్ ఫైబర్ రాడ్డు రేటు విని ఊరుకున్నా. వన్‌టౌన్‌లో హార్డ్‌వేర్ షాపులో పెయింటర్లు రోలర్ పెట్టుకునే అల్యూమినియం రాడ్డు దొరుకుతుంది, లాగితే పొడుగయ్యేది, అది తెచ్చా. చివర మరచుట్టు మైకు హోల్డర్‌కి సరిపోదు, మైకు హోల్డర్లకి 5/8 అంగుళం లేదా 3/8 అంగుళం మర ఉంటుంది. ఆటోనగర్‌లో లేత్ పట్టే ఒకాయన దగ్గరికి రెండూ పట్టుకెళ్లి చూపిస్తే అరగంటలో చిన్న ఇత్తడి ముక్క తిప్పి ఇచ్చాడు, టీ డబ్బులే తీసుకున్నాడు. ఎంత మొండి లారీ స్పేర్ పార్టు అయినా అక్కడ తయారవుతుందని తెలుసు, నా సినిమాకి కూడా ఒక ముక్క అక్కడే పుట్టింది. మూడేళ్లైంది, ఇప్పటికీ వదులు కాలేదు. అల్యూమినియం కాబట్టి చెయ్యి జరిపితే గరగరమని శబ్దం మైకులోకి వెళ్తుంది, పట్టుకునే చోట సైకిల్ హ్యాండిల్ గ్రిప్పు తొడిగి, కేబుల్‌ని రాడ్డుకి బిగుతుగా చుట్టి టేపు వేశాక చాలా తగ్గింది. బరువు మాత్రం ఉంది, మూడు నిమిషాల టేక్ అంటే చేతులు పడిపోతాయి, మా తమ్ముడు పట్టేవాడు, వాడు జిమ్‌కి వెళ్తాడు కాబట్టి సరిపోయింది.

మైకు విషయంలో మొదట్లో తప్పు చేశా. షాట్‌గన్ మైకు (పొడుగు గొట్టంలా ఉండి ఎదుటి శబ్దాన్నే ఎక్కువగా పట్టేది) ఒక్కటే కొన్నా, అందరూ అదే కొంటారని. బయట బాగుంటుంది, ప్రకాశం బ్యారేజీ మీద బొచ్చు కవర్ తొడిగి తీసిన సీన్లు ఇప్పటికీ నాకిష్టం (ఆ బొచ్చు కవర్ లేకపోతే కృష్ణ గాలికి ఏ మైకూ నిలబడదు, అది విడిగా కొనుక్కోండి). ఇంట్లో పెడితే మాత్రం గొంతు బోలుగా, డబ్బాలో మాట్లాడినట్టు వచ్చేది. కారణం తర్వాత తెలిసింది, షాట్‌గన్‌లో ఆ పొడుగు గొట్టానికి ఉన్న చీలికలే పక్కనుంచి వచ్చే శబ్దాన్ని ఒకదానితో ఒకటి కొట్టేసేలా చేస్తాయి. మన ఇళ్లేమో స్లాబు, సున్నం గోడలు, నేలంతా టైల్స్, మాట అన్ని వైపుల నుంచీ తిరిగొచ్చి ఆ చీలికల్లో దూరి గందరగోళం అయిపోతుంది. లోపల షూట్‌కి పొట్టిగా ఉండే హైపర్‌కార్డియాయిడ్ కండెన్సర్ మైకు (ఆ గొట్టం లేకుండానే ఎదుటి శబ్దాన్ని ఎక్కువగా పట్టేది) కావాలి. ఏడాది ఆగి సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, ఇప్పుడు నూటికి ఎనభై సీన్లు దానితోనే. ఒకటే మైకు కొనగలిగితే, మీ కథ ఇంట్లో జరిగేదైతే, దీన్నే కొనండి.

గది సంగతికొస్తే, బొంతలు. అమ్మ పాతచీరలతో కుట్టిన బొంతలు నాలుగు, ఫ్రేమ్‌లో పడని గోడలకి తాళ్లు కట్టి వేలాడదీస్తాం, నేల మీద పరుపు వేస్తాం. వేలు పోసి ఫోమ్ కొన్నవాళ్ల గదికీ మా గదికీ నాకైతే తేడా తెలియలేదు. ఫ్యాను ఆపాలి, తప్పదు. రోహిణి కార్తెలో బెజవాడలో మూసిన గదిలో ఫ్యాన్ లేకుండా షూటింగ్ అంటే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు, టేకుకీ టేకుకీ మధ్య ఫ్యాను వేసి అందరికీ మజ్జిగ ఇవ్వడం కూడా సౌండ్ డిపార్ట్‌మెంట్ పనే అని పెట్టుకున్నాం. అందుకే ఇప్పుడు లోపలి సీన్లు పొద్దున అయిదింటికి మొదలుపెడతాం, రోడ్డూ నిద్రలో ఉంటుంది, ఎండా ఉండదు. ఫ్రిజ్ కూడా ఆపాలి, ఆపినప్పుడు మీ బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టండి, మళ్లీ ఆన్ చేయకుండా ఇంటికి వెళ్లలేరు. పాత ట్యూబులైటు చోకు గుంయ్ మంటుంది, కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుంటే ఇంకో రకం రొద, ఆ టైంలో చార్జర్ గోడకి పెట్టి రికార్డర్ వాడొద్దు, బ్యాటరీ మీదే వాడండి.

బయట మనుషుల్ని అడగడమే. జ్యూస్ షాపు బాబాయ్‌ని "ఒక్క పది నిమిషాలు మిక్సీ ఆపండి బాబాయ్" అంటే ఆపుతారు, వినయంగా అడిగితే మన ఊళ్లో కాదనేవాళ్లు తక్కువ. గుంటూరులో మిర్చి యార్డు దగ్గర సీజన్లో ఒక సీను పెట్టుకున్నాం, అక్కడ మాత్రం ఎవర్నీ అడిగి లాభం లేదు, గాల్లోనే ఘాటు, డైలాగ్ మధ్యలో ఆర్టిస్టుకి దగ్గు, బూమ్ పట్టినవాడికి తుమ్ము. చివరికి దగ్గుల్నే సీన్లో ఉంచేశాం, అక్కడి గాలి అది.

బ్యాటరీ నాకు నచ్చని విషయం. రెండు డబుల్ ఏ సెల్స్, ఫాంటమ్ పవర్ ఆన్ చేసి రెండు మైకులు పెడితే బాక్స్ మీద రాసిన గంటల్లో సగం కూడా రావట్లేదు. పవర్ బ్యాంక్ పెడదామంటే కొన్ని పవర్ బ్యాంకులు ఇంత చిన్న లోడుకి ఏమీ కనెక్ట్ కాలేదనుకుని వాటంతటవే ఆగిపోతాయి, కొన్ని సన్నటి ఈల లాంటి శబ్దం ఎక్కిస్తాయి, నాలుగు మార్చాక ఒకటి కుదిరింది. స్క్రీన్ మధ్యాహ్నం ఎండలో కనిపించదు. ఫైళ్లు పెద్దవి, 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో (సెకనుకి శబ్దాన్ని 48 వేల సార్లు కొలవడం) రెండు ట్రాకులకి నిమిషానికి దాదాపు 23 ఎంబీ, గంటకి 1.4 జీబీ దాకా. 44.1 పెట్టకండి, వీడియోకి 48నే.

సింక్ చేయడం అనుకున్నంత కష్టం కాదు. టైమ్‌కోడ్ (కెమెరాకీ రికార్డర్‌కీ ఒకే గడియారం లెక్క) లేదు, క్లాప్ కొడతాం, డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్లోనే వేవ్‌ఫామ్ చూసి కలిపేసే ఆప్షన్ ఉంది. చిన్న టేకుల్లో తేడా రాలేదు, అరగంట ఆపకుండా తీసిన ఇంటర్వ్యూలో మాత్రం చివరికి పెదాలు రెండు ఫ్రేములు జారాయి, రెండు మెషీన్ల గడియారాలు ఒకేలా నడవవు కదా. ఫోన్‌తో తీసేవాళ్లు వీడియోని ముందు హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కి (సెకనుకి ఫ్రేముల లెక్క మారకుండా) మార్చుకోండి, లేకపోతే ఎంత కలిపినా జారుతూనే ఉంటుంది. ప్రతి లొకేషన్లో అందర్నీ కదలొద్దని చెప్పి ఒక నిమిషం ఖాళీ గదిని రికార్డ్ చేసుకోండి, రూమ్ టోన్, అది లేకపోతే కట్‌కీ కట్‌కీ మధ్య నిశ్శబ్దం మారిపోయి తెలిసిపోతుంది.

2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్లో మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. బ్యాగు అటక మీద ఉంది కాబట్టి తడవలేదు, లైట్లు పోయాయి, కెమెరా నేను భుజాన వేసుకుని బయటపడ్డా. కొన్నాళ్లకి తీసి చూస్తే రికార్డర్ బానే ఉంది, హైపర్‌కార్డియాయిడ్ మైకు మాత్రం చిటపటమంటోంది. తడి లేదు, కానీ ఇల్లంతా పట్టిన చెమ్మే కండెన్సర్ లోపల కూర్చుంది. బియ్యంలో పెట్టమన్నారు చాలామంది, పెట్టలేదు, ఆ పొడి లోపలికి వెళ్తే ఇంకో తలనొప్పి. బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లతో పది రోజులు ఉంచితే తేరుకుంది. అప్పటినుంచి దాని ఇల్లు ఆ డబ్బానే. మన కృష్ణా, గుంటూరు ప్రాంతాల ఉక్కకి ఇది అందరూ చేయాల్సిందే, ఏసీ గదిలోంచి తీసినా వెంటనే బయట ఆన్ చేయకండి, బ్యాగులోనే ఇరవై నిమిషాలు ఉంచండి.

సెకండ్ హ్యాండ్ మైకు కొనేవాళ్లు షాపులోనే 48 వోల్టులు ఆన్ చేసి, మైకుని గుడ్డలో చుట్టి, అయిదు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా రికార్డ్ చేసి హెడ్‌ఫోన్లో ఫుల్ వాల్యూమ్‌లో వినండి. తర్వాత కనెక్టర్ దగ్గర కేబుల్ అటూ ఇటూ కదిపి చూడండి, కేబుల్ మార్చి కూడా చూడండి. కేబుల్ మార్చాక కూడా చిటపట వినిపిస్తే ఎంత తక్కువకి ఇస్తానన్నా వదిలేయండి.