ప్రవాసమా, జైలా? ఇద్దరు కాటలోనియా నేతల్లో ఎవరి దారి మేలు

2017 అక్టోబరు 27న స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతపు 135 సీట్ల పార్లమెంటులో స్వాతంత్ర్య తీర్మానానికి 70 ఓట్లు పడ్డాయి. అదే రోజు స్పెయిన్ సెనేట్ రాజ్యాంగంలోని 155వ అధికరణం కింద కాటలోనియా ప్రభుత్వాన్ని తొలగించడానికి ఒప్పుకుంది. మూడు రోజులు తిరిగేలోపు అధ్యక్షుడు కార్లెస్ పుజ్‌డమోన్ బ్రసెల్స్‌లో తేలారు. ఉపాధ్యక్షుడు ఒరియోల్ జుంకేరస్ కదల్లేదు. నవంబరు 2న మాడ్రిడ్ కోర్టు పిలిస్తే వెళ్లారు, అటునుంచి అటే జైలుకు పంపారు. కేసు ఒకటే. దారులే వేరు.

తేడా అంతా చట్టంలో ఉంది. స్పెయిన్‌లో పెద్ద నేరాల కేసుల్లో నిందితుడు ఎదుట లేకుండా విచారణ జరపరు. దేశం దాటిన మనిషి మీద తీర్పు రాదు, తీర్పు రాకపోతే అనర్హత వేటూ పడదు. పుజ్‌డమోన్ 2019లో ఐరోపా పార్లమెంటుకు, 2024లో కాటలోనియా పార్లమెంటుకు పోటీ చేసి గెలవగలిగారంటే కారణం ఇదే. జుంకేరస్‌కు 2019 అక్టోబరు 14న సుప్రీంకోర్టు 13 ఏళ్ల జైలు, 13 ఏళ్ల అనర్హత వేసింది. 2021 జూన్‌లో స్పెయిన్ ప్రధాని సాంచెజ్ ప్రభుత్వం పెట్టిన క్షమాభిక్ష జైలు శిక్షకే వర్తించింది, అనర్హత అలాగే మిగిలింది. మూడేళ్ల ఏడు నెలలు లోపల గడిపిన నాయకుడు పార్టీ నడపొచ్చు, ఎన్నికల్లో మాత్రం నిలబడకూడదు. నా దృష్టిలో ఆయనకు జరిగిన అసలు నష్టం జైలు కాదు, ఇది.

అలాగని ప్రవాసం హాయిగా సాగిందనుకోవద్దు. 2018 మార్చిలో జర్మనీలో కారు ఆపి పుజ్‌డమోన్‌ను పట్టుకున్నారు. అక్కడి కోర్టు తిరుగుబాటు నేరానికి అప్పగించేది లేదంది, ప్రజాధన దుర్వినియోగానికి మాత్రమే సరేనంది. ఏ నేరానికి అప్పగిస్తే దానికే విచారించాలన్నది నియమం. చిన్న ఆరోపణతో ఆయన్ని తెచ్చుకోవడం ఇష్టంలేక స్పెయిన్ జడ్జి ఆ ఐరోపా వారెంటునే వెనక్కి తీసుకున్నారు.

బాధ కలిగించే సంగతి మరొకటి. ఐరోపా పార్లమెంటు సభ్యుడికి ఫలితాలు ప్రకటించిన క్షణం నుంచే అరెస్టు, విచారణల నుంచి రక్షణ ఉంటుందని 2019 డిసెంబరు 19న ఐరోపా న్యాయస్థానం తేల్చింది. ఆ కేసు వేసింది జుంకేరస్. అప్పటికే శిక్ష పడిందంటూ సుప్రీంకోర్టు ఆయన్ని వదల్లేదు. ఆ తీర్పు పట్టుకుని తర్వాతి నెలలో సీట్లో కూర్చున్నది పుజ్‌డమోన్.

ఓట్ల లెక్క ఒక్క దిశలో పోలేదు. 2017 డిసెంబరులో పుజ్‌డమోన్ పక్షానికి 34 సీట్లు, జుంకేరస్ పార్టీ ఈఆర్‌సీకి 32. 2021లో 33-32తో ఈఆర్‌సీ ముందుకొచ్చి అధ్యక్ష పదవి పట్టింది. అంటే జైలు దారి ప్రభుత్వం దాకా తీసుకెళ్లింది. 2024కి పుజ్‌డమోన్ పక్షం 35, ఈఆర్‌సీ 20 అయింది. పాలనలో ఉన్నవాళ్ల మీదే జనం కోపం పడింది, బ్రసెల్స్‌లో ఉన్నాయనకు ఆ బరువు లేదు. పైగా 2023లో సాంచెజ్ మళ్లీ ప్రధాని కావడానికి పుజ్‌డమోన్ పార్టీ 7 ఓట్లు కావాల్సొచ్చాయి. వాటికి ధరగా ఈ కేసులను మాఫీ చేసే ఆమ్నెస్టీ చట్టం అడిగారు, 2024 మే 30న 177-172తో అది గట్టెక్కింది. ఈఆర్‌సీకీ అప్పుడు 7 ఓట్లే ఉన్నాయి, కానీ ఎటు పోతాయో ముందే తెలిసిన ఓటుకు బేరం తక్కువ.

కాబట్టి సొంత రాజకీయ జీవితం వరకే చూస్తే ప్రవాసమే మేలు. అధికారం కావాలంటే అది సరిపోదు. దుర్వినియోగం ఆరోపణకు ఆమ్నెస్టీ వర్తించదని 2024 జులై 1న సుప్రీంకోర్టు చెప్పడంతో స్పెయిన్ లోపల చెల్లే అరెస్టు వారెంటు మెడమీదే ఉండిపోయింది. ఆగస్టు 8 ఉదయం పుజ్‌డమోన్ బార్సిలోనాలో ఆర్క్ దె త్రియోంఫ్ దగ్గర వేదికెక్కి కొద్ది నిమిషాలు మాట్లాడి మాయమయ్యారు. పోలీసులు రోడ్లు మూసి వెతికినా దొరకలేదు. పార్లమెంటు భవనం అక్కడికి నడిచి వెళ్లే దూరమే, ఆయన లోపలికి మాత్రం వెళ్లలేకపోయారు. అదే రోజు ఆ భవనంలో ఈఆర్‌సీ 20 ఓట్లు కలిసి సోషలిస్టు సల్వడోర్ ఇయ్యా 68 ఓట్లతో అధ్యక్షుడయ్యారు.